ముందుపని

“కిందికెల్లాక ఆ తలుపు బిగుసుకుపోతే ఏటి సేస్తావే?”

నూకరత్నం ఈ మాట అన్నప్పుడు కూతురు కనకం ఇంకా ముఖమైనా కడుక్కోలేదు. ఏ తలుపూ బిగుసుకోలేదు, ఎవరూ ఎక్కడికీ దిగలేదు. అయినా నూకరత్నం అడగదలచుకున్న వాటిలో అది మొదటిది మాత్రమే.

“లాగుతాను,” అంది కనకం.

“లాగినా రాకపోతే?”

“తంతాను.”

“తంతే ఇరిగిపోతే?”

“ఇరిగితే తెరుసుకున్నట్టే కదమ్మా.”

నూకరత్నానికి నవ్వు రాలేదు. గోడకున్న ఆనతి పలక దగ్గరకు వెళ్ళి ‘పొద్దు’ అని వేలితో రాసింది. ఇల్లు లేచింది. ముందు కప్పు మీది రేకులు సూర్యుడి వైపు తిరిగాయి. రేకులు తిరిగాయని తేలాక ఉప్పుజల్లెడ కదిలింది. జల్లెడలోంచి మంచినీళ్ళు బిందెలోకి దిగాక పొయ్యి వెలిగింది. పొయ్యి వెలిగాక, ఆవిరి పోవడానికి కిటికీ తెరుచుకుంది. నిద్రపోయే పిల్లలు ఒకరినొకరు తట్టి లేపుకున్నట్టు ఒకదాని తర్వాత ఒకటి. రెండేళ్ళుగా రోజూ చూస్తున్నదే. అయినా ఆ వరుస కదిలే క్షణంలో ఆమె చెయ్యి దానంతటదే గుండె మీదికి పోయేది.

అంతకు ముందు ఆ తీరంలో ఏ ఇల్లూ ఇలా లేచేది కాదు. ఒకప్పుడు ఊహించే యంత్రాలుండేవట. మనిషికి ఏం కావాలో అవే పసిగట్టి చేసిపెట్టేవట. నూకరత్నం అమ్మమ్మ రోజుల్లో అవి ఒక తుఫానును ఉత్త వానగా ఊహించి తూములన్నీ తెరిచి ఉంచాయి. సగం తీరం నీళ్ళలో కలిసింది. ఆ తర్వాత జనం ఊహించే వస్తువును గడప తొక్కనివ్వలేదు. సముద్రానికి అడ్డంగా అలగోడ కట్టుకుని, ఆ గోడ మీదే ఇళ్ళు కట్టుకుని, చెప్పింది మాత్రమే, చెప్పినంత మాత్రమే చేసే వస్తువులను తెచ్చుకున్నారు. వాటికి పని చెప్పాలంటే పలక మీద మాటలిపిలో ఒక్కొక్క ఆనతీ రాయాలి. నీటికి ఏడు, పొయ్యికి మూడు. ఒక ఇల్లు నిద్ర లేవాలంటే నలభై ఆనతులు. ఒక అక్షరం తప్పితే అన్నం ఉడికేది కాదు. రెండు ఆనతులు ముందు వెనుకలైతే ఖాళీ గిన్నె కింద పొయ్యి మండేది.

ఆ అవస్థను మార్చింది ఇదిగో, ముఖం కడుక్కోకుండా చద్దన్నం ముందు కూర్చున్న ఈ పిల్ల.

నూకరత్నం ఏడో తరగతితో చదువు ఆపేసి తూముకాపరిగా చేరింది. ఆటుకూ పోటుకూ అరవయ్యొక్క ఆనతులు, ఒక్కటీ వరుస తప్పకుండా, ఇరవై ఏళ్ళు రాసింది. ఒక పోటువేళ ఆమెకు జ్వరం వస్తే పలక ముందు కనకం కూర్చుంది. జల్లెడ దించకుండా నీళ్ళు తోడే యంత్రాన్ని తిప్పింది. వీధి వీధంతా మోకాలిలోతు బురద. జనం తిట్టిన తిట్లు విని కూడా కనకం ఏడవలేదు. గవ్వలు తెచ్చి తల్లి మంచం పక్కన నేల మీద పరిచింది.

“ఇది మూడో తూము. ఇది తెరవాలంటే ముందు ఏటవ్వాలమ్మా?”

“కూత ఎయ్యాల.”

“కూత ఎయ్యాలంటే?”

“రేవులో మనిషి లేడని సూసుకోవాల. లేడనుకుని కూత ఎయ్యకుండా తెరిసేస్తే, ఎవడో పడవ కింద తొంగున్నాడనుకో...”

“అది కూడా రాస్తాను. ఇంకా ఏటవుద్దని నీ భయం?”

జ్వరంలో నూకరత్నం రాత్రీ పగలూ భయాలు చెబుతూనే ఉంది. కనకం ఒక్కో భయానికి ఒక గవ్వ పెట్టి, ఏది ముందో ఏది వెనకో తెలిసేలా వలదారంతో కలిపింది. వారానికి నేలంతా వల అయింది. ఆ వలను చూసి మాటలిపిలో రెండు వందల వరుసలు రాసింది. అంతే. దాని పేరు పనివరుస. అందులో ప్రతి పనికీ ఒక పేరు, దాని కింద అంతకు ముందు కావలసిన ముందుపనులు. పేరు రాస్తే చాలు. పనివరుస ముందుపనులను వెతుక్కుంటుంది. వాటికీ ముందుపనులుంటే అక్కడిదాకా వెళ్ళి, అట్టడుగు నుంచి ఒక్కొక్కటే చేసుకుంటూ పైకి వస్తుంది. అప్పటికే అయిపోయిన పనిని మళ్ళీ చేయదు. ఏదైనా చెడితే అక్కడే ఆగి, చెడిన పని పేరు చెబుతుంది. చెడనంతవరకూ, రెండు నిమిషాలకోసారి ‘అయిందా’ అని చూసుకుంటూ పలక మీద ఒక చుక్క పెట్టి ఓపిగ్గా కాచుకుంటుంది.

“ఇందులో తెలివేటీ లేదమ్మా,” అంది కనకం ఆ రోజు. “నీ భయాలన్నీ వరుసలో నిలబెట్టానంతే.”

మొదటిసారి ‘పోటు’ అన్న ఒక్క మాటకు మైళ్ళ పొడవు గోడలో తూములన్నీ వరుసగా కదిలినప్పుడు నూకరత్నం గోడకు చెయ్యి ఆనించి నిలబడింది. తన నోట్లోంచి వచ్చిన పిరికి మాటలు ఇనపతలుపులై మూసుకుంటున్నాయి, సముద్రాన్ని ఆపుతున్నాయి. ఏడాది తిరక్కుండా పనివరుస తీరమంతా పాకింది. బడిలో గంట, ఆసుపత్రిలో మందు, పడవల్లో తెరచాప, అన్నీ ముందుపనులు చూసుకునే కదిలాయి.

ఇక మిగిలింది ఒక్క చోటు. తొమ్మిది వందల బారల లోతున, సముద్రపు అడుగున, అడుగుమెట్టు అనే గది ఉంది. అక్కడి చల్లనీళ్ళు గొట్టంలో పైకి వస్తేనే ఎండాకాలం ఊరు బతుకుతుంది. అందుకు ఇరవై రెండు కవాటాలను వరుసగా తిప్పాలి. నెలకొకరు వంతు మీద దిగి, వెలుతురు ఎరగని ఆ చోట ఒంటరిగా కూర్చుని ఆనతులు రాసేవారు. ఈ రోజు కనకం దిగి అక్కడి పలకలో పనివరుసను పెట్టి వస్తే, ఇక ఏ తల్లి బిడ్డా దిగక్కర్లేదు.

“ఇంకెవరినైనా పంపకూడదేటి?” నూకరత్నం పదోసారి అడిగింది.

“నాను రాసింది నానే పెట్టాల. ఇంకొకరు పెడితే నీకు ఇంకో భయం.”

అదీ నిజమే.

దిగుడుబావి అలగోడ నడిమధ్యన ఉంది. బావి మీద ఇనప మూత, దాని నడుమ తాడు జారేంత కంత. మూత పక్కన తాటిచెట్టంత రాటం, దానికి చుట్టిన తాడు, తాడు చివర ఒక్క మనిషి పట్టే లోతుగది. రాటం మనిషి గురయ్య అరవై ఏళ్ళవాడు, నూకరత్నం వీధివాడే.

“ఏటే గుంటా, మీ అమ్మ నిన్నొదిలేసిందేటి? సీరకొంగుకి ముడెయ్యలేదూ?” అన్నాడు.

“ముడేస్తే తాడు పొడుగు సరిపోదు మావా,” అంది కనకం.

లోతుకు దిగేవాళ్ళకు ఒక నియమం ఉంది. తమ తిరుగుచీటీని, అంటే తిరిగి పైకి వచ్చే పనుల వరుసను, తాము రాసుకోకూడదు. పూర్వం తొందరలో దిగినవాళ్ళు తమ పైకి వచ్చే వరుసలో జాగ్రత్తలు వదిలేసేవారు. అందుకని ఆ చీటీని పైన ఉండే మనిషి, దిగేవాళ్ళు కోరుకున్న మనిషి, స్వయంగా రాయాలి. రాటం మనిషి చదివి వేలిముద్ర వెయ్యాలి. ఒకసారి ముద్ర పడితే కింద చదవగలరే కానీ మార్చలేరు. కనకం పైమనిషిగా తల్లిని కోరుకుంది.

నూకరత్నం బావి పలక ముందు కూర్చుని పదకొండు పనులు రాసింది. ‘పైకి’ అన్న పనికి ముందుపని రాటం తిరగడం. రాటం తిరగడానికి ముందుపనులు రెండు: లోతుగది తాళం పడడం, గది మూత కిందికి చేరేదాకా అలలు బావిలోకి దూకకుండా పైన మూత పడడం. చివరికి ‘మూత’ దగ్గరకు వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగింది. కాసేపు చూసి దాని కిందా ఒక ముందుపని రాసింది. రాశాక గుండె కొంత కుదుటపడింది. గురయ్య వేలు పెట్టుకుని వరుసలన్నీ చదివాడు, తల ఊపాడు, ముద్ర వేశాడు.

“ఎల్లొస్తానమ్మా.”

“నీళ్ళు తాగేవా?”

“తాగాను.”

“గాలి ఎంతసేపు వస్తాది?”

“ఏడు గంటలు. నాలుగు గంటల్లో వచ్చేస్తాను.”

గది బావిలోకి దిగింది. తాడు గంటసేపు కిందికి పోతూనే ఉంది. అంత లోతునుంచి మాట రాదు. తాడులోని తీగ మీద పలక రాత ఒక్కటే వస్తుంది. అదీ ఒకసారికి ఒక్కటే. పనివరుస నడుస్తున్నంతసేపూ మనుషుల రాతకు దారి ఉండదు.

“చేరాను,” అని రాత వచ్చింది. ఇంకో గంటకు, “పెట్టాను. నడిపిస్తున్నాను. గోడ వైపు చూడు.”

నూకరత్నం చూసింది. వైశాఖం ఎండ గోడను పెనంలా కాల్చేస్తోంది. మొదట ఏమీ లేదు. తర్వాత కాళ్ళ కింద ఎక్కడో, గొట్టంలో, పెద్ద జంతువు ఊపిరి తీసినట్టు చప్పుడు. ఒక కవాటం. రెండు. మూడు. ఎప్పుడూ సూర్యుణ్ణి చూడని నీళ్ళు గోడలోకి ఎక్కుతున్నాయి. మండే ఇనుము మీద చెమట పట్టింది. చెమట చుక్కలై, చుక్కలు ధారలై, ఆ ధారల మీంచి తెల్లటి మంచు లేచింది. మిట్టమధ్యాహ్నం వీధి వీధంతా మంచు. జనం ఇళ్ళలోంచి వచ్చి చేతులు చాపి నిలబడ్డారు. ఒక ముసలామె దోసిలి పట్టి ఆ పొగను ముఖానికి రాసుకుంది.

ఇరవై రెండో కవాటం తెరుచుకుంది. దాని మీద ఏ చెయ్యీ లేదు. తన కడుపున పుట్టిన పిల్ల రాసిన రెండు వందల వరుసలు సముద్రపు అడుగును పట్టుకుని తిప్పుతున్నాయి. నూకరత్నం రెండు చేతులూ జోడించింది. దేవుడి రథం కదులుతుంటే దగ్గర్లో నిలబడ్డప్పుడు ఇలాగే ఉంటుంది.

“అయిపోయింది. వస్తున్నాను,” అని రాత వచ్చింది. దాని కింద, కనకం రాసిన ఆనతి: ‘పైకి’.

పలక మీద ఒక చుక్క పడింది.

రెండు నిమిషాలకు ఇంకో చుక్క. జనం మంచులో ఆడుకుంటున్నారు. గురయ్య రాటం పక్కన చెయ్యి వేసి నిలబడ్డాడు. చుక్క. చుక్క. రాటం కదల్లేదు.

“తాళం పడతాంది కాబోలు,” అన్నాడు గురయ్య.

పదిహేను చుక్కలయ్యాయి. ముప్ఫై. మంచు కరిగి జనం ఇళ్ళకు పోయారు. ఏదైనా చెడితే పలక పేరు చెప్పేది. ఏమీ చెప్పలేదు. చెడనూ లేదు, అవనూ లేదు.

“అన్నా, గాలి!” అంది నూకరత్నం. “ఏడు గంటలే అన్నాది. గది గోడ సిట్లిందేమో. దానికి తెలివి తప్పిందేమో. నీళ్ళు...”

“ఒలే, ఊరుకోయే. నీ నోట్లోంచి ఒక్క మంచి మాట రాదు కదా.”

అంతలోనే తనే పలక మీదికి వంగాడు. “తెంపేద్దామేటి వరుసని?”

“నడిమిన తెంపితే గది తాళం పడిందో లేదో రాటానికెలా తెలుస్తాది? తాళం పడకుండా లాగితే నీళ్ళు సొచ్చేస్తాయి.”

అరవై చుక్కలు. రెండు గంటలు. ఇక మిగిలిన గాలి మూడు గంటలకు లోపే. అందులో పైకి రావడానికే ఒక గంట పోతుంది.

నూకరత్నం బతుకంతా ఈ రోజు కోసమే భయపడింది. తీరా ఈ రోజు వచ్చాక భయపడడానికి తీరిక లేకపోయింది. తిరుగుచీటీని పలక మీద తెరిచి వేలు పెట్టింది. గవ్వల మధ్య కూతురు తనను అడిగినట్టే తనను తాను అడుక్కుంది. పైకి రావాలంటే ముందు ఏటవ్వాల? రాటం తిరగాల. రాటం తిరగాలంటే? తాళం పడాల, మూత పడాల. మూత పడాలంటే?

మూత కింద, తన చేత్తో రాసిన ముందుపని: ‘పైకి’.

ఆమె వేలు మొదటికి వచ్చింది. మళ్ళీ చదివింది. వేలు మళ్ళీ మొదటికే వచ్చింది. పిల్ల పైకి రావాలంటే మూత పడాలి. మూత పడాలంటే పిల్ల పైకి రావాలి. పనివరుస తప్పేమీ చేయడం లేదు. ఒకదానికోసం ఒకటి కాచుకుంటోంది, చుక్క పెట్టి చుక్క, లోకం ముగిసేదాకా అలాగే ఓపిగ్గా.

“అన్నా,” అంది. “ఇది నాను రాసినాను.”

గురయ్య వంగి చూశాడు. అతనికీ ఒక నిమిషం పట్టింది.

“ఎందుకు రాసేవే?”

“మన వీధిలో మనిషి సముద్రం మీదికెల్తే, తిరిగొచ్చీదాకా తలుపేస్తారేటన్నా? గాలివానొచ్చినా సాప కడతారు గాని ఏస్తారేటి? ఏస్తే వొచ్చేవోలికి దారి మూసీసినట్టు కాదూ? పిల్ల అంత లోతులో ఉండగా నా సేత్తో దాని మీద మూత ఎలాగ ఎయ్యమంటాను?”

పొద్దున్న ఈ వరుస గురయ్యా చదివాడు. చదివినప్పుడు సబబుగానే కనిపించింది. అతని భార్య వలకు వెళ్ళిన రోజుల్లో అతనూ ఏనాడూ తలుపు మూయలేదు. ఆ గోడ మీద పుట్టిన ఏ మనిషి చదివినా ముద్ర వేసే ఉండేవాడు.

“సేతిచక్రం ఉన్నాది,” అన్నాడు చివరికి. “మూత సేత్తో మూసేయొచ్చు. అయిపోయిన పని పనివరుస మళ్ళీ సెయ్యదంటారు కదా. మూత పడిందని సూసుకుంటే ముందుకెల్లిపోద్ది.” చక్రం మీద చెయ్యి వేసి, తీసేశాడు. “నా వల్ల కాదమ్మీ.”

నూకరత్నం చక్రం దగ్గరకు వెళ్ళింది. బావి నోట్లోకి ఒకసారి చూసింది. కింద నలుపు, ఆ నలుపులోకి పోయిన తాడు. ఇనుము చేతులకు చల్లగా తగిలింది. తిప్పింది. ప్రతి చుట్టుకూ మూత జానెడు ముందుకు జరిగింది, నలుపు జానెడు తగ్గింది. అర్ధచంద్రమంత మిగిలింది. గోరంత మిగిలింది. ఆమె కళ్ళు మూసుకోలేదు. ఇనుము ఇనుముకు తగిలిన చప్పుడు కాళ్ళలోంచి పైకి పాకింది.

ఇంకా చుక్క పడలేదు. ఇంకా పడలేదు. పడింది. దాని పక్కనే మొదటిసారి అక్షరాలు వచ్చాయి: ‘మూత, అయింది. తాళం, అయింది. రాటం, నడుస్తోంది.’

రాటం మూలిగి తిరిగింది. తాడు బిగిసింది, నీళ్ళు చిమ్ముతూ పైకి రావడం మొదలుపెట్టింది. పనంతా ఇక రాటానిదే కాబట్టి తీగ ఖాళీ అయింది. నూకరత్నం తడిచేతితోనే రాసింది.

“కనకా, మూత కింద ఆ ముందుపని నాను రాసినాను. తప్పు నాదే. ఉన్నావా?”

జవాబు రాలేదు.

రాటం లెక్క ఎనిమిది వందల బారలు చూపించింది. మనిషి లేకపోయినా గది పైకి వస్తుంది. ఈ ఆలోచన ఆమెకు రాకుండా ఎలా ఉంటుంది? ఏడు వందలు. మళ్ళీ రాసింది. “కనకా.” ఆరు వందలు. గురయ్య ఆమె పక్కన నేల మీద చతికిలబడ్డాడు. తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు. ఐదు వందలు. ఎండ వాలుతోంది. నూకరత్నం పలక మీదినుంచి కళ్ళు తీయలేదు. చూపు తీస్తే ఆ రాత వచ్చి పోతుందేమోనని భయం. నాలుగు వందలు. మూడు వందల యాభై.

పలక మీద ఒక అక్షరం వచ్చింది. ఆగింది. వంకరగా ఇంకోటి వచ్చింది. రాసే వేలు నిలకడగా లేదు.

“ఉన్నాను. కింద కూర్చుని చీటీ చదివాను. నీ వరుస చూశాను. మార్చలేను కదా. నువ్వు మూత ముయ్యవనుకున్నాను. ఎప్పుడూ ముయ్యవు కదా. ఇంతసేపూ ఒళ్ళంతా వణుకు, రాయడానికి చెయ్యి రాలేదు.”

దాని కింద ఇంకో వరుస వచ్చింది.

“అమ్మా, నీకు రోజూ ఇలాగే ఉంటాదా?”